జీలుగ బెండును పక్కాగా గుర్తుపట్టడం: చెరువు నుంచి హెర్బేరియం షీటు దాకా

చెరువులో పసుపు పూలతో, చింతాకులాంటి ఆకులతో ఏ మొక్క కనిపించినా మనవాళ్లు జీలుగ అనేస్తారు. ఆ పేరు కింద కనీసం నాలుగు మొక్కలు తిరుగుతున్నాయి. రికార్డులో ఫోటో పెట్టి పేరు రాసేసిన డిగ్రీ విద్యార్థులూ, గట్ల మీద మొక్కలు చూసే సరదా ఉన్నవాళ్లూ పదేపదే అడిగేది ఒకటే: "ఇది జీలుగ బెండేనని ఖాయంగా చెప్పేదెలా?"

ముఖ్యంగా తేల్చేవి రెండు: పత్రపుచ్ఛం (ఆకు కాడ మొదట్లో ఉండే చిన్న ఆకులాంటి భాగం), కాయ. ఒకటి ముందే రాలిపోతుంది, రెండోది చేతిలోనే విరిగిపోతుంది. అందుకే ఏ భాగం ఎప్పుడు చూడాలన్న వరుస ఇక్కడ ముఖ్యం.

## 1. ముందు పేర్లు విడగొట్టుకోండి

ఈ మార్గదర్శిలో జీలుగ బెండు అంటే ఈస్కినోమెని ఆస్పెరా. ఫాబేసి (చిక్కుడు) కుటుంబం, పాపిలియోనాయిడే ఉపకుటుంబం. నీళ్లలో కాండం లావెక్కి తెల్లటి తేలికైన బెండు ఇచ్చేది ఇదే.

దీనితో కలగలిసిపోయేవి:

- ఈస్కినోమెని ఇండికా: వరి మళ్లలో, కాలువ గట్ల మీద కలుపుగా వచ్చే సన్న కాండపు మొక్క. దగ్గరి చుట్టం.
- సెస్బేనియా బైస్పైనోసా: రైతు పచ్చిరొట్ట కోసం చల్లి, దమ్ములో కలియదున్నే జీలుగ.
- సెస్బేనియా జవానికా: లోతు నీళ్లలో పెరిగే సెస్బేనియా. దీని కాండమూ నీళ్లలో ఉబ్బి మెత్తబడుతుంది కాబట్టి అసలు తికమక దీనితోనే.
- నెప్ట్యూనియా ఒలరేసియా: నీటి మీద పాకుతూ తేలే, ముట్టుకుంటే ముడుచుకునే మొక్క. కుటుంబం అదే అయినా మైమోసా వైపు శాఖ.

మన్యంలో కల్లు గీసే జీలుగు చెట్టు తాటి కుటుంబానిది. దాన్ని ఈ లెక్కలోకి తేవద్దు.

## 2. ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

వానలకు చెరువు నిండాక మొక్క ఎదుగుతుంది. సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య వెళ్తే పువ్వూ, ముదిరిన కాయా ఒకే మొక్క మీద దొరికే అవకాశం ఎక్కువ. జులైలో వెళ్తే ఆకులు తప్ప ఏమీ ఉండవు. ఆకులతో మాత్రమే జాతి తేల్చాలని చూడకండి.

ఉదయం పూట వెళ్లండి. పూలు తాజాగా ఉంటాయి, పత్రకాలు (ఒక ఆకులోని చిన్న చిన్న ఆకులు) విచ్చుకుని ఉంటాయి. పొద్దువాలాక అవి జంటలు జంటలుగా ముడుచుకుపోతాయి.

వెంట ఉండాల్సినవి:

- 10 రెట్లు పెద్దది చేసి చూపే చేతి లెన్సు
- మిల్లీమీటర్ల గీతలున్న చిన్న స్కేలు, కొలత టేపు
- పదునైన కత్తెర, కొత్త బ్లేడు, రెండు సూదులు
- పాత వార్తాపత్రికలు, రెండు అట్టలు, కట్టడానికి తాళ్లు
- కాయల కోసం చిన్న కాగితపు పొట్లాలు
- పూల కోసం 70 శాతం ఆల్కహాలు పోసిన చిన్న సీసాలు
- పెన్సిలు, నోటుబుక్కు (బాల్‌పెన్ను సిరా తడికి అలుక్కుపోతుంది)
- లోతు చూడటానికి గుర్తులు పెట్టిన కర్ర

ఒంటరిగా దిగకండి. పూడిక పేరుకున్న చెరువులో మోకాలి లోతనుకున్నచోట నడుం దాకా దిగబడతారు. అడుగు వేసేముందు కర్రతో తడిమి చూడండి, పాములు కూడా పక్కకు తప్పుకుంటాయి.

కొల్లేరు లాంటి అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా రెమ్మ కూడా తెంపకూడదు. అనుమతి లేకపోతే ఫోటోలు, కొలతలతో సరిపెట్టుకోండి.

## 3. తెంపకముందే రాసుకోవాల్సినవి

హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్కను అంటించి దాచే అట్ట) మీదికి చేరాక ఇవి ఎవరికీ తెలియవు. అందుకే కత్తెర తీయకముందే రాయండి.

- నీటి లోతు. మొక్క నీళ్లలో ఉందా, గట్టున ఉందా
- మొత్తం ఎత్తు (సాధారణంగా 1 నుంచి 2 మీటర్లు)
- నీటి మట్టం దగ్గర కాండం మందం, పైన మందం, విడివిడిగా
- పువ్వు రంగు, ధ్వజం (పువ్వులో పెద్ద రేకు) మీద గీతలు ఉన్నాయా
- చుట్టూ ఉన్న మొక్కలు: తామర, తుంగ, జమ్ము, వరి, ఏవైతే అవి

రెండు మందాలూ ఎందుకంటే, జీలుగ బెండు నీళ్లలో నిలబడితే అడుగు భాగం బొటనవేలంత లేదా అంతకన్నా లావవుతుంది. అదే మొక్క నీరు తీసిన గట్టున మొలిస్తే సన్నగానే ఉండిపోతుంది. "కాండం సన్నగా ఉంది కాబట్టి ఇండికా" అని రాసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

## 4. కాండం: అడ్డంగా కోసి చూడండి

నీటి మట్టానికి కాస్త కింద నుంచి ఒక అంగుళం ముక్క కోయండి. కొత్త బ్లేడు వాడి, ఒత్తకుండా లాగుతూ కోయాలి. మొద్దు బ్లేడుతో నొక్కితే మెత్తటి కణజాలం అణిగి ఏమీ కనిపించదు.

కోత మీద లెన్సు పెడితే బయట పల్చటి బెరడు కనిపిస్తుంది. లోపలంతా మెరిసే తెలుపు. చాలామంది ఈ తెలుపును దవ్వ (కాండం నడిమధ్య ఉండే మెత్తటి భాగం) అని రాస్తారు. కాదు. అసలు దవ్వ మధ్యలో చిన్న చుక్కంతే ఉంటుంది. మిగిలిన తెల్లని భాగమంతా ద్వితీయ దారువు, అంటే కలపే. పలుచని గోడలున్న కణాలతో తయారవడంతో అంత తేలిగ్గా ఉంటుంది. కోతను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే మధ్య చుక్క నుంచి అంచుకు సాగే సన్నటి కిరణాలు కనిపిస్తాయి. దవ్వలో అలాంటి కిరణాలుండవు.

ల్యాబు ఉంటే పల్చగా కోసిన ముక్కను 1 శాతం సఫ్రానిన్ అనే ఎర్ర రంగులో రెండు మూడు నిమిషాలు ఉంచి, నీటితో కడిగి చూడండి. నాళాలు చిక్కటి ఎరుపులో ఒంటరిగానో చిన్న గుంపులుగానో తేలతాయి, వాటి చుట్టూ కణజాలం లేత రంగులో ఉంటుంది.

తర్వాత లేత కొమ్మ మీద వేలు పెట్టి నిమరండి. జీలుగ బెండులో గరుకు వెంట్రుకలు తగలవచ్చు. పచ్చిరొట్ట జీలుగలో అక్కడక్కడ చిన్న ముళ్లుంటాయి, ఆకు ఈనె మీద కూడా. సెస్బేనియా జవానికాకు ముళ్లుండవు, దాని కాండమూ ఉబ్బుతుంది. కాబట్టి కాండం ఒక్కదాన్ని నమ్ముకుంటే చాలదు.

## 5. పత్రపుచ్ఛం: కొన దగ్గరే వెతకండి

ఎక్కువమంది వదిలేసే దశ ఇది, ఎక్కువ తేల్చేది కూడా ఇదే.

ఈస్కినోమెనిలో పత్రపుచ్ఛం కాండానికి అడుగున అతుక్కోదు. నడుమ ఎక్కడో అతుక్కుని, అతుకు కింద కూడా ఒక తోకలా సాగి ఉంటుంది. అంటే అతుకు బిందువుకు పైన ఒక కొన, కింద ఒక కొన. జీలుగ బెండులో ఇది సుమారు 1 నుంచి 2 సెంటీమీటర్లు ఉంటుంది, కంటికే ఆనుతుంది.

సెస్బేనియాల్లో పత్రపుచ్ఛం చిన్నగా, బల్లెం మొనలా ఉండి అడుగున మాత్రమే అతుక్కుంటుంది. కింద తోక ఉండదు.

చూసే పద్ధతి:

1. రెమ్మ కొన నుంచి మొదటి మూడు నాలుగు కణుపులే చూడండి. పత్రపుచ్ఛాలు త్వరగా రాలతాయి, కింద కణుపుల్లో మచ్చలే మిగులుతాయి.
2. సూది మొనతో పత్రపుచ్ఛాన్ని మెల్లగా కాండం నుంచి ఎత్తండి. అతుకు ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది.
3. అక్కడికక్కడే ఫోటో తీయండి, పక్కన స్కేలు పెట్టి.
4. రాలితే పారేయకండి, పొట్లంలో వేసి షీటుకు అంటించండి.

ముదురు కణుపులే చూసి "పత్రపుచ్ఛాలు లేవు" అని రాయడం రికార్డుల్లో మామూలుగా కనిపించే తప్పు. "త్వరగా రాలేవి" అని రాయాలి.

## 6. ఆకు

ఆకులు ఒకటి తర్వాత ఒకటిగా వచ్చే పిచ్ఛాకార సంయుక్త పత్రాలు, అంటే ఈనెకు రెండు వైపులా పత్రకాలు వరుసగా ఉండేవి. తొడిమ మొదట్లో ఉబ్బిన తల్పం ఉంటుంది, రాత్రి ముడుచుకునే పని దానిదే.

పత్రకాలు లెక్కపెట్టడానికి కొన నుంచి నాలుగైదు కణుపులు దిగాక వచ్చే పూర్తిగా ఎదిగిన ఆకులు ఓ అయిదు తీసుకోండి. జీలుగ బెండులో ఒక ఆకుకు 60 నుంచి 100 దాకా, ఒక్కోసారి అంతకు మించి పత్రకాలుంటాయి. ఇండికాలో సాధారణంగా 40 నుంచి 60. చివర ఒంటి పత్రకం ఉందా లేదా అనేది ఈ ప్రజాతిలో అంత నమ్మదగ్గ గుర్తు కాదు, దానితో తల పట్టుకోకండి.

పత్రకం ఒక్కటి తీసి ఆకాశం వైపు పెట్టి చూడండి. నడుమ ఒకటే ఈనె ఉండాలి. అడుగు నుంచే రెండు మూడు ఈనెలు బయల్దేరితే అది ఈస్కినోమెని అమెరికానా కావచ్చు, మన నేలలోకి బయటి నుంచి వచ్చి స్థిరపడిన మొక్క.

ఆకు రెండుసార్లు చీలి ఉంటే, అంటే ఈనెకు మళ్లీ చిన్న ఈనెలు పుట్టి వాటికి పత్రకాలుంటే, అది నెప్ట్యూనియా. కాండం చుట్టూ తెల్లటి దూది తొడుగులాంటి మెత్తటి పొర, గుండ్రటి పసుపు పూలబంతి కూడా కనిపిస్తాయి. అక్కడితో ఆపేయొచ్చు.

## 7. పువ్వు విప్పడం

ఆకు మొదట్లోంచి వచ్చే చిన్న గెలలో ఒకటి నుంచి నాలుగు పూలుంటాయి. జీలుగ బెండు పువ్వు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు, కాస్త అటూ ఇటూ. ఇండికా పువ్వు సెంటీమీటరు కూడా ఉండదు. దాని ధ్వజం మీద తరచూ ఎర్రటి, ఊదా గీతలుంటాయి.

ఆ ఉదయం విచ్చుకున్న పువ్వునే తీసుకోండి. వరుస ఇది:

1. రక్షక పత్రావళి (పువ్వు అడుగున ఉండే పచ్చటి గిన్నెలాంటి భాగం) చూడండి. ఈస్కినోమెనిలో ఇది రెండు పెదవులుగా చీలి ఉంటుంది. సెస్బేనియాలో గంటలా ఉండి అంచున అయిదు చిన్న పళ్లుంటాయి.
2. పెద్ద రేకైన ధ్వజాన్ని కిందికి లాగి తీసేయండి.
3. రెండు బాహువులను (పక్క రేకులను) వేరుచేయండి.
4. ద్రోణిని (పడవలా ఉండే కింది రేకులను) అడుగు నుంచి సూదితో చీల్చండి. పైనుంచి గుచ్చితే కేసరాలు తెగిపోతాయి.
5. బయటపడ్డ కేసరాలను ఒక నీటి చుక్కలో పరిచి లెన్సుతో చూడండి.

కేసరాలు పది. జీలుగ బెండులో, ఇండికాలో అవి 5+5గా రెండు కట్టలు. సెస్బేనియాలో 9+1. ఇంటర్మీడియట్ పుస్తకంలో ఫాబేసి అంటే ద్విబంధకం (కేసరాలు రెండు కట్టలు), 9+1 అని బట్టీపట్టినవాళ్లు కళ్లముందు 5+5 ఉన్నా 9+1 అనే రాస్తారు. పుష్ప సూత్రం రాసేముందు లెక్కపెట్టండి.

మొగ్గలో చూస్తే కట్టలు ఇంకా కలిసే ఉన్నట్టు కనిపించి ఏకబంధకం (ఒకే కట్ట) అనిపించవచ్చు. విచ్చుకున్న పువ్వుతో మళ్లీ చూడండి.

అండాశయం పొడవుగా, చిన్న కాడ మీద ఉంటుంది. ఒకే ఫలదళం, ఉపాంత అండన్యాసం. నిలువుగా చీలిస్తే ఒక అంచు వెంబడి అండాలు వరుసగా కనిపిస్తాయి.

## 8. కాయ: విరిగేముందే కొలవండి

ఈస్కినోమెని కాయ లొమెంటం. ఎండాక చిక్కుడులా రెండుగా చీలదు, అతుకుల దగ్గర ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కలో ఒక్క గింజ. ముక్కలు తేలికై నీటి మీద తేలుతూ దూరం పోతాయి. కావాలంటే గ్లాసు నీళ్లలో వేసి చూడండి.

చెట్టు మీద ఉండగానే కొలవాల్సినవి: మొత్తం పొడవు, అతుకుల లెక్క, ఒక్కో ముక్క వెడల్పు, కాయ కింద కాడ పొడవు.

- జీలుగ బెండు: 4 నుంచి 8 ముక్కలు, వెడల్పు సుమారు 7 నుంచి 9 మిల్లీమీటర్లు. ప్రతి ముక్క నడుమ గరుకు బొడిపెలు. కాడ సెంటీమీటరు దాటుతుంది.
- ఇండికా: సాధారణంగా 5 నుంచి 10 ముక్కలు, వెడల్పు 3 నుంచి 6 మిల్లీమీటర్లు. నునుపుగా గానీ నడుమ కొద్దిగా గరుకుగా గానీ ఉంటుంది. కాడ పొట్టి.
- పచ్చిరొట్ట జీలుగ, సెస్బేనియా జవానికా: జానెడు పొడవు, పుల్లంత సన్నం, లోపల చాలా గింజలు. ముక్కలుగా విడిపోదు.

కాయ దొరికితే సెస్బేనియా ప్రశ్న ముగిసినట్టే. ఆస్పెరానా, ఇండికానా అన్నదే మిగులుతుంది. దానికి పువ్వు సైజు, ముక్క వెడల్పు, పత్రకాల లెక్క మూడూ కలిపి చూడండి. మూడింటిలో రెండే ఒకవైపు ఉంటే మరో రెండు మూడు మొక్కలు కొలిచాకే పేరు రాయండి.

## 9. వేర్లు, కాండం మీది బుడిపెలు

మొక్కను లాగితే వేర్లు తెగిపోతాయి. పక్కన మట్టిని చేత్తో తవ్వి, బురదతో సహా ఎత్తి నీళ్లలో ఊపి కడగండి.

బుడిపెల (నత్రజనిని పట్టే బ్యాక్టీరియా ఉండే చిన్న గడ్డల) కోసం పక్క వేర్లు పుట్టే మూలలు చూడండి. నీటిలో మునిగిన కాండం కూడా చూడండి. ఇండికాకు కాండం మీద బుడిపెలు ఏర్పడటం ప్రసిద్ధమే. వాటిలో ఉండే కొన్ని బ్రాడీరైజోబియం బ్యాక్టీరియా రకాలు కిరణజన్య సంయోగక్రియ కూడా చేయగలవు. మామూలుగా వేరుబుడిపె బ్యాక్టీరియా మొక్కకు పంపే నాడ్ ఫ్యాక్టర్ సంకేతం లేకుండానే ఇవి బుడిపెలు కట్టిస్తాయని 2007లో ప్రచురితమైన జన్యు పరిశోధన చూపించింది.

బుడిపెను అడ్డంగా కోయండి. లోపల గులాబీ లేదా ఎరుపు ఉంటే నత్రజని స్థాపన (గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చడం) నడుస్తోంది, లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీను రంగది. గోధుమ రంగు లేదా మెత్తబడి ఉంటే పాతబడింది. కాండపు బుడిపె బయట పచ్చగా కనబడితే ముడత అనుకుని వదిలేయకండి, కోసి చూడండి.

## 10. నొక్కడం, ఆరబెట్టడం

ఈ మొక్కతో రెండు చిక్కులు. తెంపిన కాసేపటికే పత్రకాలు ముడుచుకుంటాయి. లావు కాండం వల్ల అట్టలు బిగవక ఆకులు ముడతలు పడతాయి.

1. పువ్వు, కాయ, పత్రపుచ్ఛాలున్న కొన 30 నుంచి 35 సెంటీమీటర్లు కోయండి. మన హెర్బేరియం షీటు 42 × 28 సెంటీమీటర్లు, అంతకన్నా పొడవైతే వి ఆకారంలో వంచండి.
2. చెరువు గట్టునే పేపర్లో పెట్టండి. కొన్ని ఆకులను తిరగేయండి, అడుగు వైపూ కనిపించాలి.
3. అడుగు కాండం నుంచి 10 సెంటీమీటర్ల ముక్క తీసి నిలువునా రెండుగా చీల్చండి. ఒక సగం షీటుకు, అడ్డకోత బిళ్ల ఒకటి పొట్లంలోకి.
4. కాండం చుట్టూ మడిచిన పేపర్లు పేర్చి ఎత్తు సమానం చేయండి. అప్పుడే బరువు ఆకుల మీద కూడా పడుతుంది.
5. మొదటి రెండు రోజులు పూటకోసారి, తర్వాత రోజుకోసారి పేపర్లు మార్చండి. వారం దాటాక ఆకు వంచితే పుటుక్కున విరగాలి.
6. పూలు రెండు మూడు ఆల్కహాలు సీసాలో విడిగా ఉంచండి. ఎండిన పువ్వులో కేసరాల కట్టలు తేల్చడం కష్టం.

అంటించాక షీటును ప్లాస్టిక్ కవరులో మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజరులో వారం ఉంచితే పురుగు చస్తుంది. పాత పుస్తకాల్లో చెప్పే మెర్క్యూరిక్ క్లోరైడ్ జోలికి పోవద్దు, అది విషం.

## 11. మధ్యలో తేడా వస్తే

పత్రకాలు ముడుచుకుపోయాయి. కొమ్మ కాడను నీళ్లలో ముంచి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి రాత్రంతా ఉంచండి. తెల్లారి వెలుతురు పడ్డాక విచ్చుకుంటే వెంటనే నొక్కండి.

ఎండేకొద్దీ పత్రకాలన్నీ రాలాయి. కొమ్మ నెమ్మదిగా చనిపోవడం వల్ల అలా అవుతుంది. కొత్త కొమ్మ తెచ్చి, పువ్వుల భాగం తప్పించి మిగతాది మరిగే నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి, తడి అద్ది నొక్కండి.

బూజు పట్టింది. వానాకాలంలో మామూలే. పేపర్లు ఆలస్యంగా మార్చారన్నమాట. బూజును మెత్తటి బ్రష్షుతో ఆల్కహాలు అద్ది తుడిచి, అట్టల మధ్య ముడతల అట్ట ముక్కలు పెట్టి గాలి ఆడేలా చేయండి.

కాండం నల్లబడి అణిగిపోయింది. బిగువు ఎక్కువైంది, లేదా నిలువునా చీల్చకుండా పెట్టారు. ఆ ముక్క పారేసి కొత్తది తీయండి.

కాయ ముక్కలైపోయింది. ముక్కలన్నీ పొట్లంలో వేసి, చెట్టు మీద కొలిచిన అతుకుల లెక్క పొట్లం మీద రాయండి.

## 12. లేబులు

షీటు కుడివైపు కింది మూలన అంటించాలి. ఉండాల్సినవి:

- శాస్త్రీయనామం, కుటుంబం
- స్థానిక పేరు, అది ఏ ఊళ్లో విన్నదో
- గ్రామం, మండలం, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు
- సేకరించిన తేదీ, సేకరించినవారి పేరు, వరుస సంఖ్య
- నీటి లోతు, మొక్క ఎత్తు, కాండం రెండు మందాలు
- తాజా పువ్వు రంగు
- కేసరాలు 5+5గా చూశారా, ఎన్ని పూలలో

సీసాకూ, పొట్లాలకూ షీటు మీద ఉన్న వరుస సంఖ్యే వేయండి. సీసాలో వేసే చీటీ పెన్సిలుతో రాయాలి. పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.